మన వంటిల్లు: డబ్బా మిర్చి పళ్లెంలోకి

"ఇంట్లో చిన్న ఫంక్షన్ పెట్టుకున్నాం, భోజనం కంటే ముందు నలుగురికీ చేతిలో ఏదన్నా పెట్టాలి, క్యాటరింగ్‌వాళ్లను పిలిచే తాహతు లేదు, ఏం చేయమంటావు?" అని ఈ మధ్య చాలామంది అడిగారు. ఈ నెల దానికే జవాబు రాస్తున్నాను. మా ఇంట్లో మొన్న జరిగినదే రాస్తాను, అందులోనే వంట కూడా వచ్చేస్తుంది.

మా పెద్దబిడ్డ సాకర్‌పుడా ఇంట్లోనే చేద్దామనుకున్నాం. పిల్లవాడి తరఫువాళ్లు పుణె నుంచి 20 మంది, మనవాళ్లు 15 మంది. భోజనం సంగతి మా ఆడబిడ్డ చూసుకుంటానన్నది. స్టార్టర్ల కోసం ఒక క్యాటరింగ్‌వాళ్లను అడిగితే, వాళ్లు చెప్పిన పైకం మా ఆయన మాగం మీద తెచ్చే వారం పగారు కంటే ఎక్కువైంది. అప్పుడు నేను, "మన కూరిన మిర్చి చేద్దాం, తియ్యతియ్యగా కారంకారంగా ఉంటుంది" అన్నాను.

బిడ్డ మొహం మాడ్చుకున్నది. "ఏందమ్మా, పుణె నుంచి వచ్చేటోళ్లకు మిర్చి పెడ్తవా? అది తాత మిల్లు డబ్బాల పట్టుకపోయేది. వాళ్లేమనుకుంటరు?" అన్నది.

దాని మాట తప్పు కాదు. మా మామ మిల్లులో ఉన్నప్పుడు అత్తమ్మ రోజూ డబ్బాలో రెండు జొన్న రొట్టెలు, రెండు కూరిన మిరపకాయలు పెట్టేది. భోంగా మోగకముందే పొయ్యి ఆర్పాలి, అందుకని రాత్రే కూరి పెట్టుకునేది. ఒక్క మిరపకాయతో ఒక రొట్టె పోతుంది. రెండో పాళీ దాకా ఆగినా పాడు కాదు, రసం కారి డబ్బా ఖరాబు కాదు. మిల్లు మూతపడింది, మామ పోయాడు, ఆ డబ్బా మాత్రం అటక మీద ఉన్నది. అట్లాంటి తిండి పెళ్లివారి ముందు పెట్టడానికి బిడ్డకు నామోషీ. నాకు మాత్రం, డబ్బాలో ఆరు గంటలు ఆగిన తిండి ఫంక్షన్‌లో ఒక గంట ఆగదా అనిపించింది. చుట్టాలు వచ్చే వేళకు వేడివేడిగా వేయించే మనిషి మన ఇళ్లల్లో ఎవరుంటారు? అందరం చీరలు కట్టుకుని ముందుగదిలో ఉండాలి కదా.

అయితే ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. పదేళ్ల కింద మా మరిది పుట్టినరోజుకు నేను మొదటిసారి ఇదే చేసి అందరి నోరూ పాడు చేశాను. కాయల్లో మసాలా కుక్కి కుక్కి పెట్టాను. చింతపండు పులుసు నీళ్లలా పోశాను. తొందరలో మంట పెద్దది చేశాను. కాయలు పగిలాయి, బెల్లం బయటికి కారి పెనానికి అంటి నల్లగా మాడింది. పైన చేదు, లోపల పచ్చి. పైగా కాయలు కారంవి తెచ్చాను. చిన్నపిల్లలు ఏడుపు. అత్తమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేసి చూపించింది. కింద రాసేదంతా ఆమె చెప్పిందే.

కాయల ఎంపిక

పొడుగ్గా, లావుగా, లేత ఆకుపచ్చగా ఉండే బజ్జీ మిరపకాయలు కావాలి. మహారాష్ట్రలో ఉన్నవాళ్లు మండీలో భావ్‌నగరి అని అడగండి. వంకర లేకుండా, తొడిమె పచ్చగా, వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. ఒక కాయ అక్కడే విరిచి కొస నాలుకకు రాసుకుని చూడండి, అమ్మేవాడు ఏమీ అనుకోడు. పెద్దవైతే కిలోకు 30 దాకా, సన్నవైతే 40 దాకా తూగుతాయి. మనిషికి రెండు చొప్పున 35 మందికి 70 కాయలు, నాలుగైదు పగిలిపోతాయనుకుని మేము రెండున్నర కిలోలు తెచ్చాం.

కారం ఎక్కువగా గింజల్లో ఉంటుందని అందరం అనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. అది తీసేస్తే సగం కారం పోయినట్టే. ముసలివాళ్లు, పిల్లలు తినేవాటికి పూర్తిగా తీయండి. మిగతావాటిలో కొద్దిగా ఉంచండి, లేకపోతే మిర్చి తిన్నట్టే ఉండదు.

లోపలి మసాలా

35 మందికి మేము తీసుకున్న లెక్క ఇది. పల్లీలు అర కిలో, నువ్వులు 100 గ్రాములు, ఎండుకొబ్బరి 100 గ్రాములు, శనగపిండి 150 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, చింతపండు 75 గ్రాములు, ధనియాల పొడి నాలుగు చెంచాలు, జీలకర్ర రెండు చెంచాలు, కారం రెండు చెంచాలు, పసుపు అర చెంచా, వెల్లుల్లి రెండు గడ్డలు, సరిపడా ఉప్పు. కూరడానికి, వేయించడానికి కలిపి నూనె అర లీటరు లోపే పట్టింది.

ముందు రోజు సాయంత్రం పల్లీలు సన్న మంట మీద వేయించి పొట్టు తీయండి. నువ్వులు చిటపటలాడగానే దించండి. కొబ్బరి తురిమి కొంచెం రంగు మారేదాకా వేయించండి. శనగపిండిని రెండు చెంచాల నూనెలో కమ్మటి వాసన వచ్చేదాకా, ఒక ఎనిమిది పది నిమిషాలు, చెయ్యి ఆపకుండా కలపండి. ఈ పిండిని వదిలేయకండి. బెల్లం కరిగి బయటికి రాకుండా పట్టి ఉంచేది ఇదే. అంతా చల్లారాక బరకగా దంచండి. మిక్సీ అయితే తిప్పి ఆపి, తిప్పి ఆపి చేయండి, లేకపోతే ముద్దయిపోతుంది. షోలాపూర్‌లో పెరిగినవాళ్లకు శేంగా చట్నీ చేత్తో తెలుసు కదా, అంత బరక చాలు.

చింతపండు కొద్ది వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. బెల్లం వేసి ఐదు నిమిషాలు ఉడికించండి. గరిటె నుంచి తీగలా కాకుండా ముద్దముద్దగా పడాలి. చల్లారాక పొడిలో కలపండి. పిడికిట్లో పట్టుకుంటే ఉండ కావాలి, అరచేతికి మాత్రం అంటుకోకూడదు. అంటుకుంటే కొంచెం పల్లీపొడి కలపండి. రాత్రికి స్టీలు డబ్బాలో పెట్టేయండి. వెల్లుల్లి మాత్రం పొద్దున్నే దంచి కలపండి. నాలుకకు మొదట తీపి, తర్వాత పులుపు, చివరికి కారం తగలాలి. కాయ కూడా కొంచెం కారం ఇస్తుంది కాబట్టి ఉత్త మసాలా తిన్నప్పుడు తీపి ఒక పిసరు ఎక్కువే అనిపించాలి.

కూరడం, కాల్చడం

కాయలు కడిగి గుడ్డతో బాగా తుడవండి. తడి ఉంటే నూనె ఎగిరి పడుతుంది. పైన తొడిమె, కింద కొస వదిలి ఒకవైపే గాటు పెట్టండి. తొడిమె కోయకండి, అదే పిడి. అది పట్టుకుని తినొచ్చు, ప్లేటూ చెంచా అక్కరలేదు.

చెంచాన్నర మసాలా చాలు. గాటు రెండు పెదవులూ దగ్గరికి రావాలి. రాకపోతే ఎక్కువైనట్టు.

పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, గాటు పైకి ఉండేలా 10 కాయలు పేర్చి, మూత పెట్టి సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచండి. మూత కింద ఆవిరికి కాయ మెత్తబడుతుంది. తర్వాత మూత తీసి పక్కలకు తిప్పుతూ ఇంకో నాలుగు నిమిషాలు కాల్చండి. గాటు వైపు చివర్లో ఒక్క అర నిమిషం మాత్రమే. కాయ మీద అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు పడితే దించేయండి. ఒక్కో వాయికి 10 నిమిషాలు అనుకుంటే 70 కాయలకు ఒక పెనం మీద గంటా పది నిమిషాలు పడుతుంది. మేము పక్కింటి వదినె పొయ్యి కూడా అడుక్కున్నాం, ముప్పావు గంటలో అయిపోయింది. పైన కొన్ని నువ్వులు, కొత్తిమీర చల్లి పక్కన గట్టి పెరుగు పెట్టాం.

కారం అసలే తిననివాళ్లకు ఢోబ్లీ మిర్చి నాలుగు ముక్కలుగా కోసి, దొప్పల్లాంటి ఆ ముక్కల్లో కారం వేయని మసాలా పెట్టి అట్లాగే కాల్చండి. పళ్లెం వేరుగా పెట్టండి. ఇంకొక మాట, పల్లీలు పడనివాళ్లు ఉంటారు. ఇందులో పల్లీలు ఉన్నాయని ముందే చెప్పి పెట్టండి.

చేతులు, బట్టలు, ఛాతీ

ఇది మన ఇళ్లకు ప్రత్యేకంగా రాస్తున్నాను. దారం కోసిన గాట్లు మన వేళ్ల మీద ఎప్పుడూ ఉంటాయి. వాటిలో మిరపకాయ రసం దిగితే రాత్రంతా నిద్ర ఉండదు. కోసే ముందు చేతులకు నూనె పూసుకోండి. పని అయ్యాక ముందు నూనెతో రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. ఉత్త నీళ్లకు ఆ కారం కరగదు, నూనెకు కరుగుతుంది. నోరు మండినా అంతే, నీళ్లు తాగితే తగ్గదు, పాలో పెరుగో తీసుకోండి. చెయ్యి కళ్లకు పోనివ్వకండి.

టవల్ శిలాయి ఇంటికి తెచ్చుకునే అక్కలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పోయిన ఏడు నా చేతి పసుపు నూనె ఆరు టవళ్లకు అంటితే సేఠ్ ఆ ఆరింటి ధర నా మజూరీలో కోసుకున్నాడు. అందుకని ఈసారి గఠ్ఠాలన్నీ పాత చద్దర్‌లో కట్టి అటకెక్కించి, ఆ తర్వాతే మిరపకాయలు గడప లోపలికి తెచ్చాను. మాగాల దగ్గర పింజ పీల్చి పీల్చి మా ఆయనకు ఛాతీ అసలే బాగుండదు. ఇంట్లో అట్లాంటివాళ్లు ఉంటే కారం కలిపే పని కిటికీ తెరిచి, వాళ్లు బయటికి వెళ్లినప్పుడు చేసుకోండి.

ఆ రోజు ఏమైందంటే

పళ్లెం తీసుకుని బిడ్డే ముందుగదిలోకి పోవాల్సి వచ్చింది. నావైపు ఒకసారి గుర్రుగా చూసి పోయింది. నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను. పిల్లవాడి అక్క ఒకటి తీసుకుని కొరికి ఏమీ అనలేదు, రెండోది తీసుకున్నది. వాళ్ల నాయన ఒకటి తిని, తొడిమె పళ్లెం అంచున పెట్టి, బిడ్డనే అడిగాడు, "అమ్మా, ఇంట్ల భాకరి ఉన్నదా?"

మా ఇంట్లో లేదు. పెళ్లివారికి రొట్టె ఏం పెడతామని ఆ రోజు చేయనేలేదు. బిడ్డ ఒక్క క్షణం నిలబడి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పక్కింటికి ఉరికింది. వదినె దగ్గర కడక్ భాకరి నాలుగు ఉంటే తెచ్చింది. ఆయన ముక్కలు విరిచి మిర్చితో తింటుంటే, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కూడా చెయ్యి చాచారు. ఆయన నాయన కూడా మిల్లులో జాబరేనని అప్పుడు చెప్పుకొచ్చాడు. పెట్టుపోతల మాటలు అప్పటిదాకా బిగుసుకుని సాగాయి, ఆ తర్వాత కొంచెం సుళువైనట్టు అనిపించింది.

మిరపకాయ కూడా మన దేశంలో పుట్టింది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు అమెరికా ఖండం నుంచి తెచ్చారు. అంతకుముందు మనకు కారమంటే మిరియమే, ఆ పేరు పోలికే మిరపకాయకూ వచ్చింది. మరాఠీలోనూ అంతే, మిరియాన్ని మిరీ అంటారు, దీన్ని మిరచీ అంటారు. తాతల నాడు పనికోసం ఊరు విడిచి వచ్చి ఇక్కడివాళ్లమైన మనకు ఆ సంగతి ఒకరు చెప్పాలా?

రాత్రి అంట్లు తోముతూ బిడ్డ అడిగింది, "అమ్మా, మసాలాల శనగపిండి ఎంతసేపు వేయించినవే?" అని. పది నిమిషాలు అన్నాను. చెయ్యి ఆపొద్దని కూడా చెప్పాను.

మీరు చేసేటప్పుడు పక్కన నాలుగు భాకరీలు ఉంచుకోవడం మరిచిపోకండి. మీ ఇంట్లో కూరిన మిర్చిలో ఇంకేమన్నా వేస్తారా? పుట్నాలా, వామా, నిమ్మరసమా? రాసి పంపండి. వచ్చే నెల ఎండలు ముదురుతాయి కాబట్టి, రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్లకు చలువ చేసే జొన్న అంబలి సంగతి మాట్లాడుకుందాం. ఉంటాను.