నేలకూలినవాడికీ ఒక ఇల్లుంటుంది

నేను విమర్శకుణ్ణి కాను. సెలవునాడు పిఠాపురంలో టిక్కెట్టు కొని సినిమా చూసే సామాన్య ప్రేక్షకుణ్ణి. పోరాట దృశ్యాలంటే నాకు విముఖత లేదు. అయితే తెరపై కత్తి లేచిన ప్రతిసారీ ఈలలు వేసే మనం, నేలకూలినవాడికీ ఒక ఇల్లుంటుందన్న విషయం మరచిపోతున్నాం.

2023 మార్చిలో వేణు యెల్దండి దర్శకత్వంలో ‘బలగం’ వచ్చింది. తెలంగాణ పల్లెలో ఒక వృద్ధుడు మరణిస్తాడు. కుటుంబ కలహాల నడుమ పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. మా ఊరి పాదగయ క్షేత్రంలో పిండప్రదానాలు చూస్తూ పెరిగిన నాకు ఆ కాకి పరాయిదిగా తోచలేదు. యాస వేరైనా దుఃఖం ఒక్కటే. ఒక్క మరణం రెండు గంటల కథను నడిపించింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘సలార్’లో మరణాలు లెక్కకు మిక్కిలి, చనిపోయినవారిలో చాలామంది ముఖాలైనా నాకు గుర్తు లేవు.

అలాగని పోరాటమే దోషమనలేము. 2022లో వచ్చిన రాజమౌళి చిత్రం ‘ఆర్ఆర్ఆర్’లో గోండు బాలిక మల్లిని తల్లి నుండి వేరుచేస్తారు. భీమ్ ఢిల్లీకి వెళ్ళేది ఆ పసిబిడ్డను తల్లి ఒడికి చేర్చడానికే. అందులోనూ పేరులేని సిపాయిలు ఎందరో కూలుతారు. అయినా పోరాటం దేనికోసమో మనం మరువము.

“వినోదానికి ఇంత తర్కమెందుకు?” అని మిత్రులంటారు. వినోదం కావలసిందే. కాని దెబ్బలను చూసి కేరింతలు కొట్టడం అలవాటైతే, ఎదుటివారి బాధ మన మనసుకు తాకదు. తెరపై ఎవరైనా కూలినప్పుడు, అతనికోసం ఎవరు ఏడుస్తారో ఒక్కక్షణం ఆలోచించాలి. ఆ ప్రశ్నకు తావిచ్చే చిత్రమే నా దృష్టిలో మంచి చిత్రం.