నిమ్మకాయ కోసి చూపాక

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే దారిలో 'చిల్లంగి' అనే చేతబడి గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊళ్లో వరసగా ఇద్దరు జ్వరంతో పోతే, ఎవరో పెట్టారన్న గుసగుస మొదలవుతుంది. ఆ అనుమానం బలగమున్న ఇంటి గుమ్మం తొక్కదు. తోడులేని ముసలమ్మ దగ్గరో, నలుగురితో కలవని మనిషి దగ్గరో ఆగుతుంది. ఉమ్మడి విశాఖ మన్యంలో ఆ అనుమానానికి ప్రాణాలే పోయాయి.

జాతీయ సేవా పథకం క్యాంపులకు వెళ్లే కాలేజీ విద్యార్థులూ, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలూ దీనిమీద శ్రద్ధగా పనిచేయగలరు. కత్తికి మందారపూల రసం పూసి ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారుతుంది. పులుపు తగిలి రంగు మారిందని చెప్పగానే పిల్లలు చప్పట్లు కొడతారు. భూతవైద్యుడంటే ఉన్న భయం అక్కడ కొంత సడలుతుంది. అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగేది నిమ్మకాయ గురించి కాదు. మొన్నటిదాకా ఆడుకున్నవాడు ఎలా పోయాడని అడుగుతుంది. జవాబు దొరక్కపోతే ఆమె చూపు మళ్లీ వీధి చివరి ఇంటిమీదికే పోతుంది.

ఆ జవాబు తెలుగు నేలమీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించాడు. మెదడుకెక్కిన మలేరియా ఫిట్లు తెప్పిస్తుంది, సంధి మాటలు పలికిస్తుంది, రోజుల్లోనే మనిషిని తీసుకుపోతుంది. చూసేవాళ్లకు ఏదో పట్టినట్టే ఉంటుంది. ఆ తల్లికి ఈ సంగతి ఓపికగా చెప్పాలి. జ్వరం తగిలిన రోజే ఆశా కార్యకర్తను పిలిచి రక్తపరీక్ష చేయించాలి.

ఇక నింద మోస్తున్న మనిషి సంగతి. ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ 1910లో, తోకచుక్క కీడని లోకం వణుకుతున్న వేళ, 'ముత్యాల సరములు'లో దాన్ని చుట్టంగా పలకరించారు. అలాగే ఊరంతా తప్పుకు తిరిగే ముసలమ్మను "మామ్మా" అని పిలిచి, ఆమె అరుగుమీద కూర్చుని, ఆమె ఇచ్చిన మంచినీళ్లు అందరూ చూస్తుండగా తాగడానికి ఆ ఊరి కుర్రాళ్లకే చనువుంటుంది. బయటినుంచి వచ్చిన క్యాంపు ఏడు రోజుల్లో వెళ్లిపోతుంది. వచ్చే వానాకాలం తొలి జ్వరం మాట వినగానే జ్వరమున్న ఇంటికీ, ఆ ముసలమ్మ ఇంటికీ వెళ్లాల్సింది ఆ కుర్రాళ్లే.