డిశ్చార్జి కాగితంలో లేనివి

తాటిచెట్టు మీద నుంచి గౌడన్న జారిపడితే పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ప్రాణం పోతే ఎక్స్‌గ్రేషియా గురించి మాట్లాడతారు. ప్రాణం మిగిలి నడుము కింద అంతా పడిపోతే మాత్రం ఆ మనిషి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. సెంట్రింగ్ పనిలో మూడో అంతస్తు నుంచి పడ్డవాళ్లదీ, బైకు మీద నుంచి ఎగిరిపడ్డ కుర్రాళ్లదీ ఇదే కథ.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆలస్యమైనా మంచి పనే. పడకుండా చూసుకోవడాన్ని మించిన వైద్యం వెన్నుపాముకు లేదు. తెగినదాన్ని తిరిగి అతికించే విద్య ఇంకా ఏ దేశంలోనూ ఎవరికీ పట్టుబడలేదు.

పడ్డాక మొదటి గండం మన మంచితనమే. నలుగురూ చేరి చంకల కింద చేతులేసి లేపుతారు, కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు, బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తుతారు. విరిగిన పూస ఆ కుదుపులకు జరిగి వెన్నుపామును ఇంకా నలిపేస్తుంది. 108 వచ్చేదాకా మెడ, నడుము కదలనివ్వకుండా ఉన్నచోటే ఉంచగలిగితే అదే పెద్ద సాయం.

తర్వాత ఆపరేషన్. వీలైతే 24 గంటల్లోపే నొక్కుడు తీసేసి, రాడ్లు, స్క్రూలు వేసి పూసలను నిలబెడతారు. “ఆపరేషన్ బాగా జరిగింది” అని డాక్టరు చెప్పేది ఎముక గురించి. ఇంటివాళ్లకు వినిపించేది “నడుస్తాడు” అని. మలద్వారం చుట్టూ కాస్తయినా స్పర్శ మిగిలిందా అని డాక్టరు వేలితో చేసే పరీక్ష ముందు ముందు ఏమవుతుందో చాలావరకు చెప్పేస్తుంది. అదేమీ మిగలకపోతే నడక తిరిగి రావడం అరుదు. ఆ మాట ఇంటివాళ్లతో విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ. ఆ ఖాళీలోకే స్టెమ్‌సెల్ దుకాణాలు దిగుతాయి. వెన్నుపాము గాయానికి క్లినికల్ ట్రయల్స్‌లో తప్ప స్టెమ్‌సెల్స్ వాడకూడదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. అయినా ఉన్న అరెకరం అమ్మి లక్షలు పోసేవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, అమ్మేవాళ్లను పడతాను.

నిజానికి ఈ మనుషుల ప్రాణం తీసేది కాళ్లు చచ్చుబడటం కాదు. పుండ్లు, మూత్రం. స్పర్శ లేని పిరుదు మీద గంటల తరబడి బరువు పడితే చర్మం లోపల్నుంచే కుళ్లుతుంది. పైకి ఎర్రటి మచ్చ కనబడేసరికే కింద గుంత పడి ఉండొచ్చు. ‘సూపర్‌మ్యాన్’ నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీద నుంచి పడ్డాడు. ఆయనకు డబ్బుకు గానీ, నర్సులకు గానీ కొదవ లేదు. 2004లో చనిపోయేనాటికి ఆయనకు చికిత్స జరుగుతున్నది చీము పట్టిన ఇలాంటి పుండుకే.

మూత్రం సంగతి మరీ మొండిది. సంచి నిండినా తెలియదు, నిండింది వెనక్కి తన్ని కిడ్నీలను తినేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన చేతులతో సన్నటి గొట్టం పెట్టి ఖాళీ చేసుకుంటే చాలని, ఆపరేషన్ థియేటర్ మడి అక్కర్లేదని జాక్ లాపిడెస్ అనే అమెరికన్ డాక్టరు 1972లోనే చూపించాడు. మన దగ్గర ఆసుపత్రిలో పెట్టిన గొట్టంతోనే ఇంటికి పంపేస్తారు. నెలల తర్వాత చలిజ్వరంతో, రాళ్లతో తిరిగొస్తారు.

ఇంకొకటుంది, దీన్ని ఊరి డాక్టర్లు కూడా తెలుసుకోవాలి. ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బ తగిలినవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం నిండా చెమట, బీపీ రెండు వందలు దాటడం జరుగుతుంది. చాలాసార్లు కారణం మడత పడిన మూత్రం గొట్టమో, గట్టిపడిన మలమో. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గొట్టం సరిచేస్తే బీపీ దిగుతుంది. ఆ సంగతి తెలియక తలనొప్పి మాత్ర ఇచ్చి పడుకోబెడితే మెదడులో నరం చిట్లొచ్చు.

వీటిలో ఏదీ కొత్త జ్ఞానం కాదు. లుడ్విగ్ గుట్‌మన్ 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో వార్డు తెరిచినప్పుడు వెన్ను విరిగిన సైనికులను చావుకు వదిలేసేవారు. ఆయన కనిపెట్టిన మందంటూ లేదు. రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి పక్కకు తిప్పించాడు, మూత్రాశయాన్ని కాపాడాడు, తర్వాత బాణాలు పట్టించాడు. పారాలింపిక్స్ పుట్టింది ఆ వార్డులోనే. మన చిత్తూరు జిల్లా జనం నిత్యం వెళ్లే వెల్లూరు సీఎంసీలో, 1954 రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ వీల్‌చైర్లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అక్కడి పునరావాస కేంద్రానికి 1966లో ప్రాణం పోసిందీ ఆవిడే.

ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు పింఛను నెలకు 15,000 రూపాయలు. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. గొట్టాలు, డైపర్లు, గాలి పరుపు, జ్వరమొచ్చినప్పుడు ఆటో కిరాయి, పని మానుకుని ఇంట్లో కూర్చున్న భార్య కూలి, ఇవన్నీ దేనిలో సరిపెట్టాలో ఆ లెక్క వేసినవాళ్లు చెప్పాలి.

తెలంగాణ జిల్లాకో మెడికల్ కాలేజీ పెట్టుకుంది. ప్రతిదానిలో ఒక పది మంచాల పునరావాస వార్డు అడగడం అత్యాశేమీ కాదు. ఆ ఇల్లాలికి పక్కకు తిప్పడం, గొట్టం పెట్టడం, పుండు మొదలయ్యే మచ్చను గుర్తుపట్టడం చేతికొచ్చేదాకా డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకూడదని ఒక్క జీవో ఇస్తే చాలు. స్క్రూలకు అయ్యే ఖర్చు ముందు ఇవి నేర్పే ఖర్చు చిన్నదే.