ఉపాధి పోయినవారి భృతి: ఖైరాత్ కాదు, హక్కు

నెల జీతం మీద నడిచే ఇంట్లో ఉద్యోగం పోతే మొదటి నెల దాచుకున్నది ఖర్చవుతుంది. రెండో నెల నగలు తాకట్టుకు పోతాయి. మూడో నెల వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కవలసి వస్తుంది. వడ్డీ హరామ్ అని తెలిసిన కుటుంబాలు సైతం అక్కడికి చేరుతున్నాయి. బీమా సంస్థలో తమ పేరు మీద ఒక హక్కు ఉందన్న సంగతి వీరిలో చాలామంది ఎరుగరు. ఎరిగినవారిలో కొందరు 'చేయి చాచడం మాకు అలవాటు లేదు' అంటూ ఊరుకుంటున్నారు.

ఇ.ఎస్.ఐ. సంస్థ 2018 జూలై 1న 'అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన' ప్రారంభించింది. మొదట ఇచ్చింది సగటు వేతనంలో 25 శాతమే. అదీ పని పోయిన 90 రోజుల తరువాత. 2020లో కరోనా వల్ల లక్షలాది కార్మికులు వీధిన పడ్డాక భృతిని 50 శాతానికి పెంచి, నిరీక్షణను 30 రోజులకు తగ్గించారు. నెలకు 15,000 రూపాయల జీతగాడికి రోజుకు 250 చొప్పున 90 రోజులకు 22,500 రూపాయలు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఇది స్వల్పమే. కాని మూడు నెలల అద్దెకు, బియ్యానికి ఆసరా అవుతుంది. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు. కనుక దరఖాస్తు చేసేనాటికి అమలులో ఉందా అని మొదట బ్రాంచి కార్యాలయంలో విచారించాలి.

ఇది దానమా? కాదు. 2019 జూలై నుంచి ఇ.ఎస్.ఐ. కింద కార్మికుని వేతనంలో 0.75 శాతం కోస్తున్నారు, యజమాని 3.25 శాతం చెల్లిస్తున్నాడు. ఆ చందా కట్టిన చేతికి ఇది హక్కు. అవసరం లేకుండా యాచించడాన్ని దైవప్రవక్త (సఅసం) గట్టిగా వారించారు; అయితే యాచన వేరు, హక్కు వేరు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్‌లో 'దీవాన్' అనే రిజిస్టరు ఏర్పరచి, అందులోని పేర్ల ప్రకారం బైతుల్ మాల్ నుంచి భృతి ఇప్పించారు. మన తెలుగులోని 'దివాణం' ఆ మాటే. పేరు రాసి ఉన్నవాడు తన వాటా తీసుకుంటే అది భిక్ష కాజాలదు.

అయితే, పేరు సరిగా రాసి ఉందా? మన సమాజంలో హక్కు జారిపోయే చోటు ఇదే. ఉర్దూలో మీమ్, హే, మీమ్, దాల్ అనే నాలుగక్షరాలతో ఒకే తీరున రాసే శుభనామం ఆధార్‌లో 'మహమ్మద్', బ్యాంకులో 'మొహమ్మద్', ఇ.ఎస్.ఐ.లో 'ఎండీ' అవుతున్నది. ఒకే స్త్రీ ఒక కాగితంలో 'బీ', మరో దానిలో 'బేగం'. ఆధార్, బ్యాంకు ఖాతా ఇ.ఎస్.ఐ. నంబరుతో జతపడకపోతే సొమ్ము రాదు. ఉద్యోగం ఉన్నప్పుడే ఈ పని చక్కబెట్టుకోవాలి. అప్పుల లావాదేవీని రాసిపెట్టుకోమని సూరా బఖరాలోని 282వ ఆయత్ ఎంత వివరంగా ఆదేశిస్తున్నదో మనకు తెలుసు. ఆ శిక్షణ పొందిన ఉమ్మత్ కాగితాల పట్ల అశ్రద్ధ చూపడం తగదు.

మిగిలిన షరతులు ఇవి. పని పోయేనాటికి కనీసం రెండేళ్లుగా బీమాలో ఉండాలి. చివరి చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా చెల్లి ఉండాలి. దానికి ముందున్న మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. దుష్ప్రవర్తన వల్ల తొలగించబడినవారికి, స్వచ్ఛందంగా విరమించినవారికి వర్తించదు. అందుచేత 'రాజీనామా రాసిస్తేనే హిసాబు' అనే యజమాని మాటకు లొంగి, చదవకుండా సంతకం చేయకండి. 2020 సడలింపుల తరువాత దరఖాస్తును యజమాని ద్వారా పంపనక్కరలేదు. ఆధార్, పాస్‌బుక్ నకళ్లతో నేరుగా బ్రాంచి కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

గల్ఫ్‌లో బిడ్డలున్న కుటుంబాలకు మరో మాట. యు.ఏ.ఈ.లో 2023 జనవరి 1 నుంచి ఉపాధి నష్ట బీమా తప్పనిసరి అయింది. వరుసగా 12 నెలలు చందా కట్టినవారికి మూల వేతనంలో 60 శాతం, మూడు నెలల దాకా ఇస్తారు. రాజీనామా చేసినవారికి రాదు. ఇళ్లలో పనిచేసేవారు ఈ పథకంలో లేరు. ఇక్కడ 30 రోజులు గడిచాక దరఖాస్తు చేయాలి. అక్కడ 30 రోజుల లోపే చేయాలి. ఈ తేడా ఫోనులో మీ అబ్బాయికి చెప్పండి.

హక్కుతో పాటు అమానత్ కూడా ఉంది. మరో పని దొరికాక కూడా నిరుద్యోగినని రాసి సొమ్ము తీసుకోవడం అబద్ధపు సాక్ష్యమే.

ఇక ఆటో నడిపేవారు, మెకానిక్కులు, జర్దోసీ పనివారు, చిన్న దుకాణదారులు - మనలో అధిక సంఖ్యాకులైన వీరికి ఏ భృతీ లేదు. ఫఖీర్లు, మిస్కీన్లతో పాటు అప్పుల్లో కూరుకున్నవారిని కూడా జకాత్ హక్కుదారులుగా సూరా తౌబా 60వ ఆయత్ పేర్కొన్నది. జకాత్‌ను రమజాన్‌లో చిల్లరగా పంచివేయక, మొహల్లా వారీగా కొంత కూడగట్టి, ఉపాధి పోయిన ఇంటికి మూడు నెలలు తోడ్పడితే వడ్డీ వ్యాపారి గుమ్మం దూరమవుతుంది.

మస్జిద్ కమిటీలకు మా విజ్ఞప్తి ఒక్కటే. జుమా నమాజు తరువాత చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టి, కార్మికుల ఆధార్, పాస్‌బుక్, ఇ.ఎస్.ఐ. కార్డుల్లో పేర్లు సరిచూడమనండి. దీనికి ఖర్చేమీ లేదు. హలాల్ ఉపాధి మార్గాలను అల్లాహ్ మనందరికీ సుగమం చేయుగాక! ఆమీన్.