గగనంలో నాలుగు గంటలు.. గడప చేరేసరికి పద్నాలుగు
శంషాబాద్‌ - దుబాయి ప్రయాణంపై వలస కుటుంబాల్లో తప్పుడు లెక్కలు

జగిత్యాల: జిల్లాలోని వలస కుటుంబాలకు దుబాయి అంటే నాలుగు గంటల దూరం. ఇంటి పెద్దదిక్కు కన్నుమూసినప్పుడు ఈ లెక్కే చిక్కు తెచ్చిపెడుతోంది. ఉదయం కబురు అందితే సాయంత్రానికి కుమారుడు వస్తాడన్న భరోసాతో బంధువులు అంత్యక్రియలకు వేళ నిర్ణయిస్తున్నారు. చివరిచూపు దక్కక కుమిలిపోయే కొడుకులు పల్లెల్లో కనిపిస్తూనే ఉన్నారు. విమానం ఎగిరే సమయం వేరు, మనిషి ఇల్లు చేరే సమయం వేరు.

ఎదురుగాలి.. వెనుకగాలి
శంషాబాద్‌ నుంచి దుబాయి విమానాశ్రయానికి నేరుగా సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పయనించే జెట్‌ విమానం మూడు గంటల్లో చేరాలి. అయితే రన్‌వే వరకు సాగడానికి, పైకి లేవడానికి, దిగే ముందు వేగం తగ్గించడానికి అదనపు సమయం పడుతుంది. పైగా ఆ ఎత్తులో, ముఖ్యంగా శీతాకాలంలో, పడమటి గాలులు బలంగా వీస్తాయి. వెళ్లేటప్పుడు అవి ఎదురవుతాయి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోడవుతాయి. అందుకే వెళ్లడానికి దాదాపు నాలుగు గంటలు, రావడానికి సుమారు మూడున్నర గంటలు పడుతోంది.

గడియారంతో గందరగోళం
దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక. టికెట్టుపై ఎక్కడి వేళ అక్కడిదే ముద్రిస్తారు. ఇక్కడ ఉదయం 10 గంటలకు బయలుదేరితే అక్కడ దిగేసరికి మధ్యాహ్నం 12.30 అని ఉంటుంది. అక్కడ 10 గంటలకు ఎక్కితే ఇక్కడ దిగేసరికి మధ్యాహ్నం 3 గంటలు. దీంతో పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలు అని పలువురు భ్రమపడుతున్నారు.

అసలు ప్రయాణం నేలపైనే
కార్మికుల క్యాంపు నుంచి విమానాశ్రయానికి గంట. అక్కడ మూడు గంటల ముందే హాజరు కావాలి. గగనంలో మూడున్నర గంటలు. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్‌, సామాను తీసుకోవడానికి గంటన్నర. అక్కడి నుంచి జగిత్యాలకు రెండు వందల కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం, కనీసం ఐదు గంటలు. మొత్తం పద్నాలుగు గంటలు. ముంబయి మీదుగా చౌక టికెట్టు తీసుకుంటే నిరీక్షణ దీనికి అదనం.

ఇదంతా టికెట్టు, సెలవు, పాస్‌పోర్టు చేతిలో ఉంటేనే. కార్మికుల పాస్‌పోర్టులను యజమానులు దగ్గర ఉంచుకోవడం యూఏఈలో చట్టవిరుద్ధమే అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. సెలవు మంజూరుకే ఒక్కోసారి రోజు గడిచిపోతుంది.

కబురు అందిన వెంటనే ‘విమానం ఎన్ని గంటలు?’ అని కాక, ‘పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? విమానం నేరుగా వస్తుందా? మన సమయం ప్రకారం ఎప్పుడు దిగుతుంది?’ అని అడగాలి. ఆ జవాబులు అందాకే చితికి వేళ నిర్ణయిస్తే, కన్నకొడుకు చేతుల మీదుగా తలకొరివి జరిగే అవకాశం మిగులుతుంది.