పాత పెట్టె, క్రొత్త డిస్కు

ఈ నెలలో మా అంగడికి వచ్చిన సోదరులలో ముగ్గురు ఒకే ప్రశ్న వేసిరి. ఇంటిలోని పాటలు, సినిమాలు, పెండ్లి వీడియోలు దాచి టీవీలో చూచుకొనుటకై పది పండ్రెండేండ్ల క్రిందట పెట్టుకొన్న కంప్యూటరు ఇప్పుడు మొరాయించుచున్నది. అమ్మువాడు పాతదానిని పారవేసి క్రొత్తది కొనుమనుచున్నాడు. ఏమి చేయవలెను? మేము పదవ తరగతితో చదువు చాలించి త్రాసు పట్టినవారము, ఇంజనీరులము కాము. అయినను ఈ విషయమున ఒకసారి దెబ్బ తిన్నవారము గనుక మా అభిప్రాయము నిష్కర్షగా చెప్పుచున్నాము. చేతిలోని సొమ్ము కొంచెమే అయినచో దానిని పెట్టె మీద పెట్టవలదు, డిస్కుల మీద పెట్టవలెను.

మేము తిన్న దెబ్బ యిది. 2013లో హోసూరులోని మా యింట అట్టి పెట్టె నొకదానిని అమర్చితిమి. ఇంటివారు దానికి పాటల పెట్టె అని పేరు పెట్టిరి. మా అవ్వకు అప్పటికే ఎనుబది యేండ్లు దాటినవి. విసురురాతి పాటలు, నలుగు పాటలు, చిన్నపిల్లలకు చెప్పు కథలు ఆమెకు కంఠస్థము. మా తమ్ముడు వానిని ఫోనులో పట్టి ఆ పెట్టెలో వేసెను. 2016లో అవ్వ కాలము చేసినది. 2019 వేసవిలో పెట్టెలోనుండి టిక్కు టిక్కుమను చప్పుడు రాసాగినది. ఫ్యానులో దుమ్ము చేరినదనుకొని ఊరకుంటిమి. నాలుగవ నాటికి డిస్కు పూర్తిగా మూగవోయినది. అంతకు ఆరు నెలల ముందే పిల్లల మాట విని ఆ పెట్టెకు క్రొత్త గ్రాఫిక్స్ కార్డును, అదనపు ర్యామును కొనియుంటిమి. ఆ సొమ్ముతో రెండవ డిస్కు వచ్చియుండెడిది. సినిమాలను మరల సంపాదించుకొంటిమి. అవ్వ పాటలలో మాత్రము తమ్ముని పాత ఫోనులో మిగిలిన పదునొకండే దక్కినవి.

అన్నియు ఇంటర్నెట్టులో ఉండగా ఇంట పెట్టె యెందుకని కొందరు అడుగుదురు. సినిమాల మట్టుకు వారి మాట కొంత నిజమే. కాని మన పిల్లలు బడిలో తమిళమును, ఇంగ్లీషును చదువుచున్నారు. తెలుగు వారికి చెవిగుండనే రావలెను. సినిమా తెలుగు ఎక్కడనైనను దొరకును. మన ఊళ్ళలో మన అవ్వలు పలికిన తెలుగు ఏ కంపెనీవాడు అమ్మును?

ఇక పెట్టె ముసలిదైనదను మాట. టీవీ తానే చదువగల రూపములో సినిమా ఉన్నప్పుడు, సర్వరు చేయు పని గోదాములోని మూటను తీసి బండిలో వేయుట వంటిది. అందుకు గొప్ప బలము అక్కరలేదు. డీవీడీ సినిమా సెకనుకు సుమారు పది మెగాబిట్లకు మించి అడుగదు. పాత 100 మెగాబిట్ల తీగయైనను చాలును. టీవీకి తెలియని రూపములో ఉన్నప్పుడు మాత్రము సర్వరు దానిని అప్పటికప్పుడు మార్చి పంపవలెను. హెచ్.ఈ.వీ.సీ. పద్ధతిలో కుదించిన సినిమాలను పెట్టినప్పుడు పాత ప్రాసెసరు రొప్పుట యిందువలననే. దీనికై సర్వరును మార్చ నక్కరలేదు. ఆ రూపమును చదువగల స్టిక్కు నొకదానిని టీవీకి తగిలించినచో భారము పెట్టె నుండి తొలగిపోవును. తప్పనిసరిగా యంత్రమునే మార్చవలసివచ్చినచో, బెంగుళూరు సదర్ పత్రప్ప రోడ్డులో ఆఫీసుల నుండి వచ్చిన పాత కంప్యూటర్లు దొరకును. ఇంటెల్ ఏడవ తరము, అనగా 2017 ప్రాంతపుది అయినచో ఈ పని సునాయాసముగా చేయును.

విండోస్ 10కి కంపెనీవారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక మీ యంత్రము చచ్చినదని అమ్మువారు భయపెట్టుచున్నారు. డెబియన్, జెల్లీఫిన్ ఉచితముగా లభించును. ఇంటిలో ఒక కుర్రవాడున్నచో ఒక ఆదివారపు పని.

కరెంటు సంగతి మాత్రము త్రోసివేయదగినది కాదు. మా పెట్టె 80 వాట్లు తినును. రాత్రింబవళ్ళు నడచినచో రెండు నెలలకు 115 యూనిట్లు. 2016లో తమిళనాట ఇండ్లకు రెండు నెలలకొకసారి ఉచితముగా ఇయ్యసాగిన 100 యూనిట్లను ఈ పెట్టె యొక్కటే మ్రింగి మరికొంత అడుగును! 15 వాట్లతో నడచు క్రొత్త చిన్న యంత్రము అంతే కాలమునకు 22 యూనిట్ల లోపే తినును. కాని పాతదానినే సాయంకాలము నాలుగు గంటలు మాత్రము నడిపినచో 19 యూనిట్లు. స్విచ్చి నొక్కుటకు ఖర్చేమున్నది?

డిస్కుల మాటకు వత్తము. పెద్దవి కొననక్కరలేదు. ఒక్కొక్కటి 4.7 గిగాబైట్ల చొప్పున 200 డీవీడీలు లెక్కించినను 940 గిగాబైట్లే. ఒక టెరాబైటు నిండదు. నాలుగు టెరాబైట్ల డిస్కు సామాన్య కుటుంబమునకు చాలకాలము సరిపోవును. అయితే రెండు కొనవలెను, రెండింటిని ఒకే పెట్టెలో పెట్టవలదు. రెయిడ్ అను పద్ధతిలో ఒక డిస్కుకు ప్రతిబింబముగా మరొకదానిని నడుపవచ్చును. ఒకటి చెడినప్పుడు అది ఆదుకొనును, నిజమే. కాని పిల్లవాడు పొరపాటున పాటను చెరిపినచో రెండింటిలోను చెరుగును. పిడుగు పడినచో రెండును పోవును. ప్రతి డిస్కును తన ఆరోగ్యపు లెక్క తానే వ్రాసికొనును. దానికి స్మార్ట్ అని పేరు. అందులో చెడి తొలగింపబడిన భాగముల సంఖ్య పెరుగుచున్నచో ఆ డిస్కును నమ్మవలదు. ఏ హెచ్చరికయు లేక పోవునవియు కలవు. ఇవి గాక సొమ్ము మిగిలినచో పాత ఎస్.ఎం.పీ.ఎస్.ను మార్చి చిన్న యూపీఎస్ పెట్టుకొనవచ్చును.

ఫైళ్ళకు పేర్లు తెలుగులోనే వ్రాయుడు: పాడినవారెవరు, ఏ ఊరు, ఏ సంవత్సరము. మాకు దక్కిన పదునొకండింటిలో మూడింటికి అంకెలే పేర్లు. వెనుక పలుకుచున్న ఆ రెండవ కంఠమెవరిదో చెప్పగలవారు నేడు మా ఇంట లేరు.

మా రెండవ డిస్కు బళ్ళారిలో మా అక్కగారి బీరువాలో ఉన్నది. ఉగాదికి, దసరాకు ఆమె వచ్చునప్పుడు తెచ్చును. క్రొత్తవి చేర్చి పంపుదుము. మొన్నటి దసరాకు ఆమె అత్తగారు చెప్పిన కథలు ఆరు అందులో ఎక్కి వచ్చినవి.

డిస్కును పరీక్ష చేయింపగోరువారు ఆదివారము ఉదయము మా అంగడికి తేవచ్చును. రుసుమేమియు లేదు. తీగలు తెచ్చుట మరువకుడు.