గ్వెన్ స్టేసీ ఎందుకు బతకలేదు?

1973లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' కామిక్ 121వ సంచిక అభిమానులను కలచివేసింది. విలన్ గ్రీన్ గాబ్లిన్ వంతెన మీంచి పడేసిన తన ప్రియురాలు గ్వెన్ స్టేసీని స్పైడర్‌మ్యాన్ దారం విసిరి పట్టుకున్నాడు. అయినా ఆమె దక్కలేదు. బొమ్మలో ఆమె మెడ పక్కనే చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఉంటుంది.

కారణం లెక్కలో దొరుకుతుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, 90 మీటర్లు పడేసరికి వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని అర సెకనులో ఆపాలంటే దారం ఆమె బరువుకు తొమ్మిది రెట్లకు పైగా బలంతో లాగాలి. ఎంతసేపట్లో ఆపామన్నదాన్ని బట్టే ప్రాణం నిలుస్తుంది. కారులో ఎయిర్‌బ్యాగ్ చేసేది కూడా ఆ సమయాన్ని కాస్త పెంచడమే.

మినెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ కకాలియోస్ ఇలాంటి ఘట్టాలతోనే భౌతికశాస్త్రం బోధించారు. 2005లో 'ది ఫిజిక్స్ ఆఫ్ సూపర్‌హీరోస్' పుస్తకం తెచ్చారు. మా ఈ ప్రత్యేక సంచికదీ అదే బాట. పిల్లలు ఇష్టపడే కథలోంచే ప్రశ్న పుట్టాలని, ఆ ప్రశ్న వాళ్ల చేత కాగితం, పెన్సిలు పట్టించాలని మా కోరిక. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ పేజీలను పిల్లలతో కలిసి చదవండి. మా లెక్కలను మీరూ వేసి చూడండి. మీ జవాబులు, మీ పిల్లల ప్రశ్నలు మాకు రాసి పంపండి.

– సంపాదకుడు